కోకో పొడి గడ్డ కట్టిందా? ఎండాకాలం గడ్డ వేరు, వానాకాలం గడ్డ వేరు

రాయలసీమ వంటిళ్లలో కోకో పొడి ఇప్పుడు కొత్త సరుకేం కాదు. పిల్లల పుట్టినరోజుకి కుక్కర్‌లోనే కేకు చేసే తల్లులు, వాట్సాప్‌లో ఆర్డర్లు తీసుకుని ఇంటి నుంచే కేకులు అమ్మే ఆడవాళ్లు కర్నూలులో ఉన్నారు, అనంతపురంలో ఉన్నారు, ప్రొద్దుటూరు, ఆదోని లాంటి చోట్లా ఉన్నారు. అయితే మామూలు ఇంట్లో కేకు రోజూ చేసేది కాదు. ప్యాకెట్టు కొంటారు, రెండు మూడు చెంచాలు వాడతారు, మిగతాది డబ్బాలో పోసి పెడతారు. కొన్ని నెలలకు మళ్లీ మూత తీస్తే పొడి ఉండలు ఉండలుగా కనబడుతుంది. పారెయ్యాలా, వాడుకోవచ్చా అన్న టెన్షన్ అక్కడ మొదలవుతుంది.

ఈ సందేహానికి ఇంటర్నెట్‌లో దొరికే జవాబులు చాలావరకు చల్లటి దేశాల వంటిళ్లకు పనికొచ్చేవి. గది ఉష్ణోగ్రతలో ఉంచండి, రెండు మూడేళ్లు నిలుస్తుంది అంటారు. వాళ్ల గది 20 డిగ్రీలు. కర్నూలులో మే నెలలో పగలు 42, 43 డిగ్రీలు మామూలు. పొయ్యి ఆర్పేసి రెండు గంటలైనా వంటింట్లో సెగ తగ్గదు. ఆగస్టు దాటితే కథ మారిపోతుంది. అదే ఇంట్లో ఉప్పు చెమ్మగిల్లుతుంది, అప్పడాలు మెత్తబడతాయి. కాబట్టి ఇక్కడ కోకో పొడి గురించి మొదట అడగాల్సింది, ఆ గడ్డ ఏ కాలంలో కట్టింది అని. ఎండకు కట్టిన గడ్డను చెడిపోయిందనుకుని పారేసేవాళ్లున్నారు. వానాకాలంలో చెమ్మకు కట్టిన గడ్డను జల్లెడ పట్టి వాడేసేవాళ్లూ ఉన్నారు. మొదటిదాంట్లో పోయేది డబ్బు. రెండోదాంట్లో ఆరోగ్యానికే ముప్పు.

ఈ తేడా అర్థం కావాలంటే ఆ పొడిలో ఏముందో తెలియాలి. కోకో కాయల్లోని గింజలను పులియబెట్టి, ఎండబెట్టి, వేయించి, పొట్టు తీసి నూరితే ముద్దలా వస్తుంది. అందులో సగానికి పైగా కొవ్వే. దాన్నే కోకో బటర్ అంటారు. ఆ ముద్దను ప్రెస్‌లో పెట్టి కొవ్వు పిండేస్తే చెక్క మిగులుతుంది. 1828లో నెదర్లాండ్స్‌కు చెందిన వాన్ హూటెన్ కుటుంబం పేటెంటు తీసుకున్న ప్రెస్‌తో ఈ పద్ధతి మొదలైంది. ఆ చెక్కను సన్నగా పొడి చేస్తే మనం కొనే కోకో. ఎంత పిండినా కొవ్వు మొత్తం పోదు. మామూలు రకంలో 10 నుంచి 12 శాతం, ఖరీదైన రకాల్లో 20 నుంచి 24 శాతం దాకా మిగులుతుంది. అంటే 100 గ్రాముల ప్యాకెట్టులో తక్కువలో తక్కువ 10 గ్రాముల కొవ్వు ఉన్నట్టు. కోకో పంటలో దేశంలో ముందున్నది మన రాష్ట్రమే. గోదావరి జిల్లాల్లో కొబ్బరి, ఆయిల్‌పామ్ తోటల్లో అంతర పంటగా వేస్తారు. సీమకు మాత్రం ఇది బయటి నుంచి వచ్చే సరుకే. లారీలోనో బస్సు పార్సిల్‌లోనో మధ్యాహ్నపు ఎండలో ప్రయాణం చేసి వస్తుంది.

కోకో బటర్ దాదాపు 34 డిగ్రీల దగ్గర కరుగుతుంది. చాక్లెట్ నోట్లో వేసుకోగానే కరగడానికి కారణం ఇదే. సీమలో మార్చి చివరి నుంచి జూన్ దాకా ఆ 34 డిగ్రీలు వంటింటి అరలోనే దాటిపోతాయి. పొడి రేణువుల మీద పలచటి పొరలా ఉన్న కొవ్వు పగలు కరిగి పక్క రేణువును పట్టుకుంటుంది. తెల్లవారుజామున చల్లబడ్డాక మళ్లీ గట్టిపడుతుంది. ఇలా రోజుల తరబడి జరిగితే ఉండలు తయారవుతాయి. కొవ్వు మళ్లీ గట్టిపడేటప్పుడు మొదట ఉన్న తీరులో పేరుకోదు కాబట్టి పొడి రంగు కూడా వెలిసినట్టు, కాస్త బూడిదగా కనిపిస్తుంది. చూడ్డానికి బాగుండదు గానీ, ఇది చెడిపోవడం కాదు. ఇందులో తేమ పెరగలేదు, బూజు లేదు. జల్లెడ పట్టి కేకులో వేస్తే కేకు చక్కగా వస్తుంది.

వానాకాలపు గడ్డ పుట్టుక వేరు. ఫ్యాక్టరీ నుంచి వచ్చేటప్పుడు కోకో పొడిలో తేమ చాలా తక్కువ. ఆహార పదార్థాలకు కోడెక్స్ అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం 7 శాతం దాటకూడదు, మంచి సరుకులో 5 శాతం లోపే ఉంటుంది. అంత తక్కువ తేమలో బూజు మొలకెత్తలేదు, బ్యాక్టీరియా పెరగలేదు. కోకో ఏళ్ల తరబడి నిలవడానికి అసలు కారణం ఈ పొడిదనమే. గాలిలో తేమ ఎక్కువున్నప్పుడు మూత సరిగా పట్టని డబ్బాలో పొడి ఆ తేమను మెల్లగా పీల్చుకుంటుంది. ఇంకా పెద్ద దారి ఒకటుంది, అది వర్షాకాలంతో సంబంధం లేకుండా ఏడాదంతా తెరిచే ఉంటుంది. పాలు పొయ్యి మీద పొంగుతుంటే డబ్బా మూత తీసి, ఆ ఆవిరి మీదే పట్టుకుని చెంచాతో కోకో తీస్తారు. చెంచా ఆవిరికి చెమ్మగిల్లుతుంది. గిన్నెలో ఒకసారి కలిపి, ఇంకాస్త కావాలని అదే చెంచా డబ్బాలో ముంచుతారు. ఆ తడి చెంచాకు అంటుకున్న పొడి డబ్బాలోనే రాలి, చిన్న గట్టి ముద్దగా అడుగున ఉండిపోతుంది. బూజు తరచుగా మొదలయ్యేది ఆ ముద్ద దగ్గరే. ఆవకాయ జాడీలో తడి గరిటె పెట్టనివ్వని ఇంట్లోనే కోకో డబ్బాకు ఆ పట్టింపు ఉండదు. కోకోకూ అంతే పట్టింపు కావాలి.

ఇక రెండు గడ్డల్నీ చేత్తో గుర్తుపట్టడం. ఒక ఉండను తెల్ల కాగితం మీద పెట్టి, ఆరిన వేళ్లతో మెల్లగా నొక్కాలి. కొవ్వు వల్ల కట్టిన ఉండ పెద్దగా ఎదురు తిరగదు. పొడిపొడిగా విడిపోతుంది, వేళ్ల మధ్య నునుపుగా జారుతుంది, లోపలా బయటా ఒకటే రంగు ఉంటుంది. చెమ్మకు కట్టిన గడ్డ అలా విడిపోదు. మొండిగా ఉంటుంది, గట్టిగా నొక్కితే పెళ్లలుగా విరుగుతుంది, విరిగినచోట లోపల రంగు ముదురుగా, తడిసి ఆరినట్టు కనిపిస్తుంది. ఆ తర్వాత ముక్కు పని. విరిచిన గడ్డను దగ్గరగా పెట్టుకుని వాసన చూడాలి. కోకో వాసన వస్తే సరే. మూసి ఉన్న గదిలో తడిబట్టల వాసన, ముక్కిపోయిన పిండి వాసన లాంటిది ఏ కాస్త తగిలినా ఇంక ఆలోచించాల్సిన పనిలేదు.

బూజు తెల్లగా కూడా ఉంటుంది కాబట్టి, దాన్ని కొవ్వు తెలుపుతో పొరబడే ప్రమాదముంది. కొవ్వు వల్ల వచ్చే తెలుపు పొడి అంతటా పల్చగా పరుచుకుని, రంగు మాసినట్టు ఉంటుంది. బూజు ఒకచోట పట్టుకుంటుంది. వెలుతురులో వంచి చూస్తే నూగులా, సన్న పోగుల్లా లేచి ఉంటుంది, ఒక్కోసారి పచ్చగా, బూడిద రంగుగా ఉంటుంది. బూజు పట్టిన భాగం తీసేసి మిగతాది వాడుకుందామన్నది మన ఇళ్లలో బాగా పాతుకుపోయిన అలవాటు. ఇక్కడ అది పనికిరాదు. పొడిలో బూజు కంటికి కనిపించిన చోటే ఆగదు. పైగా కొన్ని రకాల బూజులు వదిలే విషపదార్థాలు వేడికి పోవు. అనంతపురం వేరుశనగ రైతుకు ఆఫ్లాటాక్సిన్ పేరు కొత్త కాదు. ఎగుమతి సరుకును తిప్పి పంపించేలా చేసే బూజు విషం అదే. కోకోలో ఎక్కువగా చెప్పుకునేది ఓక్రాటాక్సిన్ అనే అలాంటి విషమే. కేకు ఓవెన్‌లో ఉడికినా, పాలు మరిగినా అది పూర్తిగా పోదు. బూజు కనిపిస్తే డబ్బా మొత్తం పారెయ్యడమే.

అదే వేరుశనగతో పోలిస్తే కోకో ఒక విషయంలో చాలా గట్టిది. వేరుశనగ పప్పులు వలిచి పెడితే ఎండాకాలంలో కొన్ని వారాలకే పాత నూనె వాసన కొడతాయి. వాటి నూనెలో గాలికి తేలిగ్గా చెడిపోయే లినోలిక్ అనే కొవ్వు ఆమ్లం బాగా ఉండటమే అందుకు కారణం. కోకో కొవ్వులో అది 3 శాతం దాకా మాత్రమే ఉంటుంది. మిగతాదంతా చాలావరకు స్టియరిక్, పామిటిక్, ఓలియిక్ ఆమ్లాలు, ఇవి అంత త్వరగా చెడవు. కోకోలో సహజంగా ఉండే పాలీఫినాల్స్ అనే పదార్థాలు కూడా కొవ్వు చెడకుండా కాపలా కాస్తాయి. కాబట్టి కోకో కంపు కొట్టేదాకా వచ్చిందంటే అది చాలా కాలం వేడిలోనో వెలుతురులోనో ఉందని అర్థం. ఆ కంపు సబ్బులా, తడి అట్టముక్కలా, వాడేసిన వేయింపు నూనెలా ఉంటుంది. చిటికెడు నాలిక మీద వేసుకుంటే చేదు తర్వాత గొంతులో ఒక రకమైన గాటు మిగులుతుంది. కోకో చేదుగానే ఉంటుంది, ఆ చేదు తప్పేం కాదు. చేదు పోయాక మిగిలేదాన్ని పట్టించుకోవాలి.

చల్లటి పొడికి వాసన పెద్దగా లేవదు. అనుమానంగా ఉంటే ఒక చెంచా పొడిని చిన్న గిన్నెలో వేసి, మరిగిన నీళ్లు రెండు చెంచాలు పోసి కలిపి, వెంటనే ముక్కు దగ్గర పెట్టుకోవాలి. మంచి కోకో అయితే వేయించిన గింజల కమ్మటి వాసన ఆవిరితో పాటు పైకి లేస్తుంది. ఏ వాసనా లేకుండా వట్టి గోధుమరంగు నీళ్లలా ఉంటే పస పోయిందని అర్థం, విషం అని కాదు. కంపు ఉంటే ఆ వేడికి దాగదు. బేకరీ నడిపేవాళ్లు కొత్త బస్తా విప్పినప్పుడల్లా ఈ చిన్న పరీక్ష చేసుకుంటే ఒక బ్యాచ్ కేకులు వృథా కాకుండా మిగులుతాయి.

పస పోవడం వెనక ఉన్నది పొడి సన్నదనం. కోకో రేణువులు చాలావరకు 75 మైక్రాన్ల కన్నా సన్నగా ఉంటాయి (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). అంత సన్నటి పొడికి గాలి తగిలే మేర ఎక్కువ, వేయించినప్పుడు పుట్టిన సువాసన త్వరగా ఎగిరిపోతుంది. వేడి పెరిగేకొద్దీ ఈ నష్టం వేగం పెరుగుతుంది. రసాయన చర్యలు ప్రతి 10 డిగ్రీలకు దాదాపు రెట్టింపవుతాయన్న మోటు లెక్క ఒకటుంది. దాని ప్రకారం చూసినా 40 డిగ్రీల అరలో గడిచే రెండు నెలలు 20 డిగ్రీల గదిలో ఎనిమిది నెలలతో సమానం. అందుకే రెండేళ్ల గడువున్న ప్యాకెట్టును కూడా సీమలో విప్పాక ఏడాది లోపు, వీలైతే ఒక ఎండాకాలం మీదికి రాకముందే వాడేసుకోవడం మంచిది.

వెళ్లే వాసన సంగతి ఇలా ఉంటే, వచ్చే వాసన సంగతి ఇంకోటి. కొవ్వున్న పొడి చుట్టూ ఉన్న వాసనల్ని పట్టేసుకుంటుంది. ఇంగువ సీసా, ధనియాల పొడి, వెల్లుల్లి కారం ఉన్న అరలో ప్లాస్టిక్ కవర్‌లో చుట్టి పెడితే నెల తిరక్కుండా కేకు వాసన మారిపోతుంది. ఫ్రిజ్‌లో అయితే మల్లెపూల మూర పక్కన పెట్టడం చాలా ఇళ్లలో చూసేదే. కలరా ఉండలు, అగరుబత్తులు, సబ్బులు ఉన్న చోటికి అసలు తీసుకెళ్లకూడదు. ఇలా వాసన పట్టిన కోకో తింటే ప్రమాదమేమీ లేదు, కానీ దాన్ని బాగుచేసే దారి కూడా లేదు.

చెడిపోకపోయినా చెడిందనుకునే సందర్భాలు ఇంకొన్ని ఉన్నాయి. చల్లటి పాలలో కోకో వేస్తే తేలి, ఉండలు కట్టి, ఎంత తిప్పినా కలవదు. ఇది కొవ్వు లక్షణమే. కొత్త ప్యాకెట్టయినా అంతే. ముందు కొంచెం వేడి నీళ్లతో ముద్దలా కలిపి తర్వాత పాలు పోస్తే సరిపోతుంది. పోయినసారి కొన్నదానికీ ఈసారి కొన్నదానికీ రంగులో తేడా ఉన్నా కంగారు పడక్కర్లేదు. సహజ కోకో లేతగా, కాస్త ఎర్రగా, కాస్త పులుపుగా ఉంటుంది. క్షారంతో శుద్ధి చేసిన రకం ముదురుగా, మెత్తటి రుచితో ఉంటుంది. ప్యాకెట్టు మీద పదార్థాల వరుసలో 501 అన్న సంఖ్య ఉంటే పొటాషియం కార్బొనేట్ వేశారని గుర్తు. ఈ రెండో రకంలో పులుపు ఉండదు కాబట్టి వట్టి వంటసోడా మీద ఆధారపడిన కేకు సరిగ్గా పొంగదు, దానికి పొడి పాతబడటంతో సంబంధం లేదు. పిల్లలు పాలలో కలుపుకునే చాక్లెట్ డ్రింక్ పొడి లెక్క పూర్తిగా వేరు. అందులో చక్కెర, పాలపొడి, మాల్ట్ ఉంటాయి, చెమ్మ తగలగానే రాయిలా బిగుస్తుంది. దాని గడువు, దాని జాగ్రత్తలు కోకోకు వర్తించవు.

పురుగుల విషయంలో మన అలవాట్లు కొన్ని కోకోకు ఎదురు తిరుగుతాయి. కోకోలో పురుగు సాధారణంగా పక్క డబ్బా నుంచి వస్తుంది. పట్టు తప్పిన గోధుమపిండి, పాత రవ్వ, సంచిలో ఉన్న వేరుశనగ పప్పులు వాటి నివాసం. ఎర్రటి చిన్న పెంకు పురుగులు, పొడి అంటుకున్న సాలెగూడు లాంటి దారాలు, ప్లాస్టిక్ కవర్‌కు సూదితో పొడిచినట్టు గుండ్రటి రంధ్రాలు కనిపిస్తే పురుగు చేరినట్టే. కందిపప్పుకో బియ్యానికో పురుగు పడితే మిద్దె మీద ఎండబెట్టడం సీమలో తాతల నాటి పద్ధతి, ఆ గింజలకు అది మంచిదే కూడా. కోకోను మాత్రం ఎండలో పెట్టకూడదు. మే నెల మిద్దె మీద కొవ్వు కరిగి పొడి ముద్దవుతుంది, సువాసన పోతుంది, వెలుతురుకు కంపు మొదలవుతుంది. వేపాకు, లవంగాలు, కర్పూరం వేసినా ఆ వాసనే కోకోకు పడుతుంది. పురుగు పడ్డ కోకోను పారేసి, డబ్బా కడిగి పూర్తిగా ఆరబెట్టి, పక్కనున్న పిండి డబ్బాలన్నీ వెతికి చూడటమే మందు.

ఎక్కడ పెట్టాలన్నదానికి ఇంటి కట్టుబడే జవాబు చెబుతుంది. కాంక్రీటు స్లాబు ఇంట్లో వేడి పైనుంచి దిగుతుంది, కాబట్టి సజ్జ మీద, పై అరల్లో పెట్టొద్దు. గ్యాసు పొయ్యికి ఎగువన, ఫ్రిజ్ పైన, మిక్సీ పక్కన కూడా వద్దు. మన వంటిళ్లలో చాలాచోట్ల అరలు కడప బండలతోనే వేసి ఉంటాయి. పొయ్యికి దూరంగా, ఎండ పడే గోడకు ఆనకుండా ఉన్న కింది అర ఆ ఇంట్లో అన్నిటికన్నా చల్లటి చోటు. పాత మట్టి మిద్దె ఇళ్లయితే లోపలి గది ఇంకా చల్లగా ఉంటుంది. డబ్బా వెలుతురు చొరనిదై ఉండాలి, మూత బిగుతుగా ఉండాలి. కంపెనీ ప్యాకెట్టును మడిచి క్లిప్పు పెట్టి, దాన్ని అలాగే స్టీలు డబ్బాలో దించితే రెండు కాపలాలు. పాత పొడి మీదే కొత్తది పోసే అలవాటు మానాలి. అడుగున ఉన్నది ఎప్పటికీ అడుగునే ఉండి, ఏదో ఒక రోజు మొత్తాన్నీ పాడుచేస్తుంది.

ఫ్రిజ్ అవసరమా అంటే, ఏప్రిల్ నుంచి జూన్ మధ్య దాకా, ఇంట్లో 35 డిగ్రీలకు తగ్గే చోటే లేకపోతే, అవసరమే. కానీ పద్ధతిగా పెట్టాలి. ఫ్రిజ్‌లోంచి తీసిన స్టీలు డబ్బా మీద నిమిషాల్లో నీటి బొట్లు పడతాయి. అప్పుడే మూత తీస్తే అదే చెమ్మ లోపలి పొడి మీద పడుతుంది. రోజుకోసారి తీసి పెడితే ఎండాకాలంలోనే వానాకాలపు గడ్డ తయారవుతుంది. వారానికి సరిపడా చిన్న సీసా బయట ఉంచుకుని, మిగతాది గాలి చొరని డబ్బాలో ఫ్రిజ్‌లో పెట్టాలి. బయటికి తీసిన డబ్బాను మూత తియ్యకుండా గంటసేపైనా వదిలేసి, పైన తడి తుడిచి, అప్పుడు తెరవాలి. వానలు మొదలయ్యాక ఫ్రిజ్ మానేసి మళ్లీ కింది అరకు మార్చడం మేలు.

కొనేటప్పుడే సగం పని అయిపోతుంది. కేకు సామాను దుకాణాల్లో 25 కిలోల బస్తా విప్పి, పాలిథిన్ కవర్లలో 100 గ్రాములు, 250 గ్రాములుగా లూజుగా కట్టి అమ్ముతుంటారు. ధర తక్కువే, కానీ ఆ కవర్ మీద తేదీ ఉండదు, బస్తా ఎప్పుడు విప్పారో తెలియదు, పారదర్శకమైన కవర్ దుకాణం ముందు ఎండలో వేలాడుతూ ఉంటుంది. దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2020 నాటి లేబులింగ్ నిబంధనల ప్రకారం ప్యాక్ చేసిన ఆహారం మీద తయారీ లేదా ప్యాకింగ్ తేదీ, ఎక్స్‌పైరీ తేదీ తప్పనిసరి. ఆ ఎక్స్‌పైరీ సీలు విప్పని ప్యాకెట్టుకు, లేబుల్ మీద చెప్పిన నిల్వ పద్ధతికి ఇచ్చిన హామీ. విప్పి చెమ్మ తగిలించుకున్నదానికి ఆ తేదీ రక్షణ కాదు. ఇంట్లో వాడుకునేవాళ్లు నెలకు ఎంత ఖర్చవుతుందో చూసుకుని 50 గ్రాముల ప్యాకెట్టు కొంటే, కిలో మీద మిగిలే డబ్బు కన్నా ఎక్కువే మిగులుతుంది. కేకులు అమ్మేవాళ్లు మాత్రం తేదీ దాటిన పొడిని, ఎంత బాగున్నా సరే, ఇతరుల పిల్లలకు పెట్టే కేకులో వెయ్యకూడదు.

కంటికి కనిపించని ప్రమాదం ఒకటి మిగిలి ఉంది. ఆరిన కోకోలో విరేచనాలు, జ్వరం తెప్పించే సాల్మొనెల్లా లాంటి బ్యాక్టీరియా పెరగలేదు, కానీ చేరితే చావకుండా నెలల తరబడి ఉండగలదు. 1973–74లో కెనడా, అమెరికాల్లో చాక్లెట్ తిన్నవాళ్లకు సోకిన సాల్మొనెల్లా మూలం కోకో గింజల్లోనే దొరికింది. బల్లులు, బొద్దింకలు తిరిగే అరలో మూత లేకుండా ఉన్న పొడిని వాసన చూసి పాస్ చెయ్యలేం. అలాంటిదాన్ని ఐస్‌క్రీం మీద చల్లడానికో, మిల్క్‌షేక్‌లో పచ్చిగా కలపడానికో అసలు వాడొద్దు.

ఇక పరీక్షలన్నీ నెగ్గి, వాసన మాత్రం పలచబడ్డ పాత కోకో ఉంటే దాన్ని పారెయ్యాల్సిన పనిలేదు. గార్నిష్‌కి, ఐసింగ్‌కి అది చాలదు. అక్కడ కోకో ఒక్కటే రుచి మొయ్యాలి కాబట్టి తేలిపోతుంది. ఓవెన్‌లో ఉడికే కేకులో, బెల్లం వేసి చేసే బర్ఫీలో, పాలలో మరిగించే పుడ్డింగ్‌లో మామూలు కొలత కన్నా పావు వంతు ఎక్కువ వేసి, ఒక చెంచా చిక్కటి కాఫీ డికాషన్ కలిపితే చాక్లెట్ రుచి మళ్లీ లేస్తుంది.